దువ్వెనకు ఎనిమిదో పన్ను

ఉదయగిరిలో కొయ్య స్పూన్లు, దువ్వెనలు చెక్కే ఫకీర్ సాహెబ్‌కు కుడిచేతి బొటనవేలు ఒక్కటే ఆస్తి అని నేను నలుగురిలో చెబుతుంటాను. ఆ వేలిని ఒకసారి మండ్రగబ్బ కుట్టింది. కుట్టిన పాపానికి దాని కొండి విరిగింది. వారం రోజులు వంకరగా తిరిగి, ఆఖరికి వాళ్ల గడప ముందు ఒక దణ్ణం పెట్టి ఊరు విడిచి పోయింది. నమ్మకపోతే అతని భార్య జాన్‌బీని అడగండి. ఆమె కూడా నమ్మదు.

ఇలాంటివి ఎన్నయినా చెప్పగలను గానీ, పోయిన ఏడాది ఆ వేలికి వచ్చిన జబ్బు సంగతి మాత్రం నేను కల్పించింది కాదు. అంత కల్పన నా వల్ల కాదు. జరిగి ఏడాదైనా నాకు సగమే అర్థమైంది, ఆ సగం కూడా ఒక్కోరోజు ఒక్కోరకంగా అర్థమవుతుంది.

ఫకీర్ నాకంటే పదేళ్లు చిన్న. మూడేళ్ల కిందట రెండు కిడ్నీలూ చెడిపోతే, చెన్నైలో జాన్‌బీ తన కిడ్నీ ఒకటి ఇచ్చి బతికించుకుంది. అప్పటినుంచి రోజూ పొద్దున, సాయంత్రం అతను ఒక రకం మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రల పని ఏమిటంటే, ఒంట్లో ఉన్న కాపలా బలాన్ని తగ్గించి పెట్టడం. లేకపోతే ఆ కాపలా కొత్త కిడ్నీని పరాయిదనుకుని మీద పడుతుంది. ఇంటికొచ్చిన చుట్టం కోసం కుక్కను కట్టేసినట్టు అన్నమాట. చుట్టం సుఖంగానే ఉంటాడు. కానీ కుక్క కట్టేసి ఉందని దొంగలకు కూడా తెలిసిపోతుంది.

దొంగ బొటనవేలి దగ్గరికే వచ్చాడు. గోరు పక్కన ఆవగింజల్లాంటి నీటిపొక్కులు, ఒకే గుంపుగా. మంట. ఆత్మకూరులో ఆస్పత్రి పెట్టుకున్న డాక్టరు లిఖిత చూసి, ఇది హెర్పిస్ అనే వైరస్ అని చెప్పింది. చిన్నప్పుడెప్పుడో ఒంట్లోకి వచ్చి, నరంలో పడుకుని ఉంటుందట. కాపలా తగ్గేసరికి లేచింది. రోజుకు అయిదు మాత్రలు, పది రోజులు వేసుకోమంది. పొక్కులు మాడిపోయాయి. రెండు నెలలకు మళ్లీ వచ్చాయి. మళ్లీ అవే మాత్రలు. ఈసారి మాడడానికి ఇరవై రోజులు పట్టింది. మూడోసారి వచ్చినవి మాడనే లేదు. పొక్కులు కలిసి పుండైంది, గోరు లేచింది, నెల దాటింది.

కొయ్య స్పూను చెక్కడం చూశారో లేదో. ఎడమచేత్తో కొయ్య పట్టుకుని, కుడిచేత్తో కత్తి పట్టుకుని, కత్తి వీపును బొటనవేలితో తోస్తూ పోవాలి. తోసే బలం అంతా ఆ వేలిదే. వేలు లేకపోతే ఫకీర్ దగ్గర మిగిలేది కొయ్య, కత్తి, నా కబుర్లు వినడానికి బోలెడంత తీరిక.

ఒకరోజు జాన్‌బీ మా ఇంటికి వచ్చింది.

"అన్నా, మీ నాయన సర్పికి జాజు రాసేవాడంట గదా? నీకూ వచ్చా?"

మాది కుమ్మరుల ఇల్లు. ఒంటి మీద పాములా పాకే సర్పి పొక్కులు లేస్తే మా దగ్గరికి రావడం ఈ పక్క ఊళ్లలో పాత అలవాటు. ఎర్రటి జాజు రాయి అరగదీసి, పుండును తాకకుండా దాని చుట్టూ సింహం బొమ్మ గీస్తాం. సింహాన్ని చూసి పాము వెనక్కు పోతుందని లెక్క. మా నాయన గీసిన సింహం ఎంత నిజంగా ఉండేదంటే, రాయించుకున్న మనిషి ఇంటికి పోయేదాకా దారిలో మేకలు కనపడేవి కావు.

"వచ్చులే అమ్మా. అయినా వాడిది సర్పి కాదంట గదా. డాక్టరమ్మ వేరే పేరేదో చెప్పె."

"సర్పిదీ దీనిదీ ఒకే కుటుంబం అని ఆయమ్మే చెప్పింది. చుట్టానికి పనిచేసిందేదో దీనికీ పనిచేయదా ఏంది?"

మూడు ఆదివారాలు వాళ్లింటికి పోయి, ఫకీర్ బొటనవేలి చుట్టూ సింహం గీశాను. వేలు చిన్నది, సింహం పెద్దది. తోక మణికట్టు దాకా పోయింది.

"ఏందన్నా, సింహానికి మీసాలు పెట్టినావు?" అన్నాడు ఫకీర్.

"అది నువ్వేరా. అద్దంలో చూసుకో."

నవ్వాడు గానీ నవ్వులో నొప్పి తెలుస్తూనే ఉంది. ఆ రోజే నేను ఇంకొకటి చూశాను. పనిముట్ల పెట్టెలో అతని సన్న రంపం ఉంది, దువ్వెన పళ్లు కోసే వెంట్రుకలాంటి రంపం. దాని అంచంతా తెల్లటి పొడి. నెలపైగా కొయ్య ముట్టని మనిషి రంపానికి పొడి ఎక్కడిది?

"ఏమిరా, ఏనుగు దంతం కోస్తాండావా? ఫారెస్టోళ్లకు చెప్పనా?"

"ఏదో పాత ఎముకలే అన్నా," అని పెట్టె మూత వేసేశాడు. నేనూ మర్చిపోయాను.

మూడో సింహం తర్వాత పుండు ఇంకా లోతైంది. లిఖిత డాక్టరు ఈసారి మందు మార్చలేదు. పుల్లకు చుట్టిన దూదితో పుండును తుడిచి, ఆ దూదిని చెన్నైకి పంపింది. అక్కడినుంచి అది ఇంకెక్కడికో పోయిందట. ఇరవై రోజులకు రిపోర్టు వచ్చిందని ఫోను చేసింది.

నాకు అప్పుడు తట్టింది. దూదితో పాటు నా జాజు కూడా పోయి ఉంటుంది. రిపోర్టులో 'ఎర్రమట్టి, కుమ్మరి శీనయ్య' అని రాసి ఉంటుందేమోనని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

"నువ్వు కూడా రాన్నా," అన్నాడు ఫకీర్. "ఆయమ్మ చెప్పేది నాకు సగం అర్థమవతాది. నీకు సగం అర్థమవతాది. రెండూ కలిపితే ఒకటి."

ముగ్గురం బయలుదేరి, వింజమూరులో దిగి ఇంకో బస్సెక్కి ఆత్మకూరు చేరాం. తర్వాత తేలిందేమిటంటే ఇద్దరికీ అర్థమైంది అదే సగం.

లిఖిత డాక్టరు చిన్నపిల్ల. ముప్ఫై కూడా ఉండవు. కాగితం బల్ల మీద పెట్టి మా వైపు తిప్పింది. ఒక్క అక్షరం తెలుగు లేదు.

"తాతా, మన మాత్ర లోపలికి మొద్దుగా వెళ్తుంది," అంది ఫకీర్‌తో. "అలా మొద్దుగా ఉంటే అది పనిచేయదు. వైరస్ దగ్గరే ఒక ఉలి లాంటిది ఉంటుంది. ఆ ఉలి మన మందును చెక్కి పదును చేస్తుంది. పదునెక్కిన మందు పోయి, వైరస్ తన నకలు రాసుకునేచోట అడ్డం పడుతుంది. ఇంక అది పెరగదు."

నేను ఆగలేకపోయాను. "ఆగమ్మా. అంటే పురుగు తన మెడకాయ కోసే కత్తికి తనే సాన పడతాదా?"

"ఒకరకంగా అంతే."

"అంత తెలివితక్కువదా? మరి దానికి మనం ఇంత భయపడేదేంది?"

"దాని ఉలి మందు కోసం కాదు పెద్దాయనా. దాని సొంత పనికి పెట్టుకుంది. మనం మందును మారువేషంలో పంపుతున్నాం. అది మోసపోతుంది." కాగితం మీద ఒకచోట వేలు పెట్టింది. "ఈయన వేలి మీదున్న వైరస్‌కు ఇప్పుడు ఆ ఉలి లేదు. మందు మొద్దుగా వెళ్లి మొద్దుగానే ఉండిపోతోంది. ఎన్ని వేసినా అంతే."

"ఉలి ఎవురు ఎత్తకపోయినారు?" అన్నాడు ఫకీర్.

"ఎవరూ కాదు. ఉలి ఎలా చెయ్యాలో వైరస్ లోపల రాసి ఉంటుంది, అక్షరాల వరసలాగా. నకలు రాసుకుంటూ రాసుకుంటూ ఒకచోట తప్పింది. అక్కడ జీ అనే అక్షరం వరసగా ఏడుసార్లు ఉండాలి. ఇందులో ఎనిమిది పడ్డాయి. దాంతో ఆ తర్వాతి రాతంతా జరిగిపోయింది. ఉలి తయారు కావడం ఆగిపోయింది."

నాకు తిక్క లేచింది. నేను అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. నా చదువంతా అక్షరాలు ఎక్కువా తక్కువా పడిన చదువే. ఒక్క అక్షరానికి ఎవరి ఉలీ పోలేదు. ఆ మాటే అన్నాను.

ఫకీర్ మాత్రం కాగితం వైపు చూస్తూ మెల్లిగా తలూపాడు.

"దువ్వెన అన్నా ఇది," అన్నాడు. "దువ్వెనకు చివర సన్నపళ్లు ఏడు కోయాల. అన్నీ ఒకేమాదిరి ఉంటాయి గదా, ఆడే చెయ్యి లెక్క తప్పేది. పెద్దపళ్ల కాడ ఎవుడూ తప్పడు. ఏడుకు ఎనిమిది కోసినామంటే మిగతా గీతలన్నీ పక్కకు జరిగిపోతాయి. ఇంక పిడి కాడికి వచ్చేతలికి కొయ్య ఉండదు. పొయ్యిలో పెట్టుకోవాల్సిందే."

డాక్టరు అతని వైపు అలాగే చూసింది. "ఇంత బాగా నాకు కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదు తాతా."

"మరి పొయ్యిలోకి పోవాల్సిన దువ్వెన నా వేలి మీద ఎందుకుండాది?"

ఆమె కాగితాన్ని మళ్లీ తన వైపు తిప్పుకుంది. నేను ఇదే సందనుకుని లేచి నిలబడి ఒప్పుకున్నాను. మూడు సింహాలు, జాజు, మణికట్టు దాకా తోక, అంతా చెప్పాను. "నా మట్టి వల్లనే ఆ ఎనిమిదోది పడిందా అమ్మా?"

"మట్టికి అంత బలం లేదు పెద్దాయనా. కానీ ఇలాంటి పుండు దగ్గర మట్టి పెట్టకండి. వేరే చీము పడుతుంది." ఒక్క మాటలో మా వంశమంతా తేలిపోయింది. సంతోషపడాలో, బాధపడాలో తెలియక కూర్చున్నాను.

ఆమె ఫకీర్ వైపు తిరిగింది. "మాత్రలు నేను చెప్పినట్టే వేసుకున్నారు కదా? మిగిలినవి తెచ్చారా?"

"అన్నీ వేసుకున్నాను. అయిపోయినాయి."

అప్పటిదాకా నోరు విప్పని జాన్‌బీ సంచిలోంచి ఒక కొయ్య డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అరచేతిలో పట్టేంత డబ్బా. మూత ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియని పనితనం. ఆమె మూత తెరిచింది. లోపల తెల్లటి ముక్కలు, వందకు తక్కువ ఉండవు. ఒక్కో మాత్రను నాలుగు ముక్కలుగా కోసినవి. ఒక్కటి కూడా పెచ్చు లేవలేదు. మాత్ర మీద అచ్చేసిన అక్షరం కూడా సరిగ్గా నడిమికి తెగింది.

రంపం మీద తెల్లపొడి నాకప్పుడు గుర్తొచ్చింది. పాత ఎముక.

"పొద్దున పనిముట్ల పెట్టెలో దొరికింది డాక్టరమ్మా," అంది జాన్‌బీ. "ఇంట్లో చెప్తే మూత వేసి కూచుంటాడు. అందుకని నీ ముందర తీసినాను."

"ఎన్ని ముక్కలు వేసుకున్నారు తాతా?" డాక్టరు గొంతు కాస్త మారింది.

"ఒకటి. మంటెక్కువుంటే రెండు." ఫకీర్ తల వంచుకున్నాడు. "మందుల షాపులో ఆ మాత్రల అట్టడబ్బాలో ఉన్న చీటీ చదివించుకున్నాను. కిడ్నీ మీద బరువు పడతాదని రాసుండాదంట. నా కిడ్నీ అయితే మింగేసేవాణ్ణి. ఇది జాన్‌బీది. ఆమెది తెచ్చి పెట్టుకోని, దాని మీద బరువు మోపాలంటే చేతులు రాలా."

నాలుగు భాగాలు చెయ్యడం తప్పని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఎందుకంటే ఆ మాట వింటే అది ఒప్పుగానే ఉంది.

జాన్‌బీకి మాత్రం తెలిసింది. "నేనిచ్చింది వాడుకోమని. బీరువాలో పెట్టి తాళమేసుకోమని కాదు. యా అల్లా! ఏలు కుళ్లబెట్టుకోని నా కిడ్నీకి సలాం కొడతాండాడు ఈ మనిషి!"

"అయితే నా వల్లనే ఎనిమిదోది పడిందా?" అన్నాడు ఫకీర్.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మందు తప్పు చేయించదు తాతా. కోట్ల నకళ్లలో తప్పు రాసినవి ఎప్పుడూ ఒకటీ అరా ఉంటాయి. ఉలి పోయింది కాబట్టి అవి మామూలుగా బలహీనమైనవే. మందు వచ్చి మంచివాటిని కొడితే ఈ తప్పువాటికి చోటు దొరుకుతుంది. కొద్ది కొద్దిగా మందు వేస్తూ పోతే చోటు, టైము రెండూ దొరుకుతాయి."

"అంటే నేనే చేసినాను."

"అలా కచ్చితంగా చెప్పలేం. కాపలా తగ్గినవాళ్లలో మందు నిండా వేసుకున్నా ఒక్కోసారి ఇలా అవుతుంది."

"అంటే నేను చేయలా."

"అది కూడా చెప్పలేం."

ఫకీర్ నా వైపు చూశాడు, నా సగం నేను చెబుతానని. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

తర్వాత ఆమె దారులు చెప్పింది. ఇంకో మందు ఉంది, దానికి ఉలితో పని లేదు, పదునుగానే తయారై వస్తుంది. నరానికి ఎక్కించాలి, రెండు మూడు వారాలు, చెన్నైలోనే. కానీ ఆ మందు కిడ్నీని కొట్టే మందు. సెలైను సీసాలు ఎక్కిస్తూ, రోజూ రక్తం చూస్తూ, జాగ్రత్తగా ఇస్తారు. అయినా దెబ్బ తగలదని మాట ఇవ్వలేం. కాపలా తగ్గించే మాత్ర కూడా కాస్త తగ్గించాలి. అది తగ్గిస్తే ఒంట్లో కాపలా లేచి వైరస్ మీద పడొచ్చు, కిడ్నీ మీదా పడొచ్చు.

"వద్దు," అన్నాడు ఫకీర్. "ఏలు తీసేయండి. ఎడంచేత్తో నేర్చుకుంటాను."

"వేలు తీసినా అది నరంలో ఉంటుంది తాతా. వేలు పోతుంది, వైరస్ పోదు. రేపు నోటిలో లేస్తుంది, కంట్లో లేస్తుంది."

"అయితే ఎట్టుండాదో అట్టనే ఉండనీ."

జాన్‌బీ కొయ్య డబ్బా మూత వేసి సంచిలో పెట్టుకుంది. కొంగు సర్దుకుని డాక్టరు వైపు తిరిగింది, భర్త అక్కడ లేనట్టు.

"కిడ్నీ ఎవురిదమ్మా?"

డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టింది.

"నాది. ఇచ్చిందాన్ని నేను. దానికి దెబ్బ తగిలితే నాకు తగిలినట్టు, నేను ఓర్చుకుంటాను. సూది ఎక్కించమని రాయి."

ఫకీర్ నోరు తెరిచాడు. ఆమె అటు చూడనైనా లేదు. అతను నోరు మూసుకున్నాడు.

నేను చెన్నై పోలేదు. రోజూ సాయంత్రం జాన్‌బీ ఫోనులో ఒక అంకె చెప్పేది. క్రియాటినిన్ అని, కిడ్నీ ఎంత అలిసిందో చెప్పే అంకె. ఎక్కువైతే చెడ్డది. మా పంచ గోడ మీద ఆ అంకెలను జాజుతోనే రాసుకుంటూ పోయాను. సింహాలకు పనికిరాని జాజు దేనికో ఒకదానికి పనికిరావాలి కదా. పోయేముందు ఒకటి పాయింట్ మూడు. వారానికి ఒకటిన్నర. పదో రోజు ఒకటి పాయింట్ తొమ్మిది. పద్నాలుగో రోజు రెండు.

"రెండు అన్నా," అంది, అంతే. వెనక ఎవరో ట్రాలీ తోస్తున్న చప్పుడు.

"ఏలు ఎట్టుండాది?"

"అంచుల్లో తోలు వస్తాండాది. ఎర్రగా, పసిబిడ్డ తోలు మాదిరి."

వేలికి సంతోషపడి అంకెకు ఏడవాలా, అంకెకు ఏడ్చి వేలికి నవ్వాలా? రాత్రి పడుకోబోతూ ఆలోచించాను, లేచాక కూడా తేలలేదు. పంతొమ్మిదో రోజు మందు ఆపేశారు. నెలకు అంకె ఒకటి పాయింట్ ఆరుకు దిగి అక్కడే కూర్చుంది. ఒకటి పాయింట్ మూడుకు మళ్లీ రాలేదు. వేలు వచ్చింది. గోరు మాత్రం కాస్త వంకరగా పెరిగింది. దాన్ని చూసి మండ్రగబ్బ మళ్లీ వచ్చి పగ తీర్చుకుందని ఊళ్లో చెప్పాను.

ఇక్కడితో అయిపోతే నాకు సగమైనా సరిగ్గా అర్థమయ్యేది. నాలుగు నెలలకు అదే గోరు పక్కన మళ్లీ పొక్కులు లేచాయి. ఆవగింజలు, ఒకే గుంపు. ఫకీర్ ముఖం చూడలేకపోయాను. ముగ్గురం మళ్లీ ఆత్మకూరు పోయాం.

లిఖిత డాక్టరు దూది తీసి పంపి, చీటీ రాసింది. అదే పాత మాత్ర. అంకె చూసి లెక్క మార్చింది, రోజుకు మూడు.

"ఇదేందమ్మా!" అన్నాను. "ఉలి లేదని నువ్వే గదా చెప్పినావు?"

"వేలి మీద పెరిగినవాటికి లేదు పెద్దాయనా. నరంలో మొదటినుంచి పడుకున్నది పాతది. దానికి ఉలి ఉండే అవకాశం ఎక్కువ. ఈసారి లేచింది అదే కావచ్చు."

"కావచ్చా?"

"కావచ్చు. వారంలో తెలుస్తుంది. తగ్గకపోతే వెంటనే రండి."

అంటే మనం ఓడించిన దొంగ వేరు, ఇంట్లో పడుకున్న దొంగ వేరు. ఇద్దరి ముఖం ఒకటే. ఇప్పుడు తలుపు తీసి వచ్చింది ఎవరో, మందు మింగి చూస్తే గానీ తెలియదు. నేను ఎన్నో కథలు చెప్పాను గానీ, వచ్చిన దొంగ ఎవరో దొంగతనం అయిపోయాక తెలిసే కథ ఎప్పుడూ చెప్పలేదు. బస్సులో తిరిగి వస్తూ ఫకీర్‌ను అడిగాను.

"నీకేమైనా అర్థమయిందా?"

"దువ్వెన చెడిపోయినా, చూసి కోసుకునేదానికి గోడకు తగిలించిన అసలు అచ్చు అట్టనే ఉండాదంటాండాది."

"అయితే మంచిదే గదా?"

"ఏమో అన్నా. అచ్చు బాగుండాదంటే మళ్లా మళ్లా కోస్తానే ఉంటాది గదా."

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఫకీర్ పనిముట్ల పెట్టె తెరిచాడు. సన్న రంపం లేదు.

"యాడ పెట్టినావు?"

"బియ్యం డ్రమ్ములో," అంది జాన్‌బీ. "ఏడు రోజుల తర్వాత ఇస్తాను." ఆమె చేతిలో ఒక చెంబు నీళ్లు, అరచేతిలో ఒక మాత్ర. పెద్దది, ఎక్కడా గీత పడనిది.

ఫకీర్ మాత్ర వైపు చూశాడు. తర్వాత ఆమె నడుము పక్కన, చీర కింద కిడ్నీ తీసిన కోత ఉండే చోటు వైపు చూశాడు. ఆమె అది గమనించింది.

"దాన్ని జూడమాక. దీన్ని జూడు."

మింగాడు. చెంబెడు నీళ్లూ తాగించింది.

"నోరు తెరు," అంది జాన్‌బీ.

తెరిచాడు.

"నాలిక ఎత్తు."

ఎత్తాడు. ఆమె వంగి, దీపం వైపు తల తిప్పించి, ఆ మూలా ఈ మూలా చూసింది. ఏమీ లేదు. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు కూడా ఒకసారి చూడన్నా. ఈ మనిషి పనితనం నీకు తెలుసు గదా."